తాలు కాయలు ఏరిన చేతులు

మా అత్తయ్యకు మతిమరుపు జబ్బు ముదిరాక నేను మొదట చేసిన పని, మిరపకాయల బస్తాలు ఇంట్లోంచి తీయించి కల్లంలోనే ఉంచమని మా ఆయనతో పోట్లాడటం. ప్రత్తిపాడు పక్కన ఊరు మాది. మాఘమాసం వచ్చిందంటే ఇంటినిండా కాయలుండే చోట ఆ మాటంటే అందరూ నవ్వారు. నవ్వనీ. గ్యాసు ఎప్పటికప్పుడు సిలిండర్ దగ్గరే ఆపడం, వీధి తలుపు గడియ ఆవిడ చేతికి అందకుండా పైకి మార్పించడం, ఇవన్నీ నేనే తడుముకుంటూ నేర్చుకున్నాను. సలహాలివ్వడానికి మాత్రం ఊరంతా వచ్చింది.

నేనెవరో ఆవిడకు తెలియదు. ఒకరోజు అక్కా అంటుంది, ఒకరోజు కూలికొచ్చిన మనిషిననుకుంటుంది. అయినా నా చేతి అన్నం తినేది, నా చేత నీళ్లు పోయించుకునేది. ఆ చనువు సంపాదించడానికి ఎంత ఓపిక పట్టానో నాకే తెలుసు. అది పోతే ఆవిడను సాకడం నా వల్ల కాదనీ తెలుసు.

పోయిన వేసవిలో పొన్నూరు నుంచి మా వదిన వచ్చింది, అత్తయ్య కూతురు. తల్లి ఊరికే కొంగు పిసుకుతూ కూర్చోవడం చూసి ఆమెకు కోపమొచ్చింది.

"ఏంటమ్మాయ్, మా అమ్మని బొమ్మలా కూర్చోబెట్టావు? ఊళ్లో అందరికంటే స్పీడుగా తాలు ఏరే మనిషి. పని లేకే ఇట్టా అయిపోయింది."

"కారం చేతులు కళ్లల్లో పెట్టేసుకుంటది వదినా. పెట్టుకోకూడదని గుర్తుండదు."

"మిరపకాయల్లో పుట్టి పెరిగిన మనిషికి అది కూడా చెప్పాలా?"

ఈ ఊళ్లో ఎవరైనా అదే అంటారు. కారం చేతిని కంటికి తగలనివ్వకపోవడం ఇక్కడి పిల్లలకు నడకతో పాటే వస్తుంది. అలా వచ్చింది కూడా మరపున పడిపోతుందని ఎవరికీ తట్టదు.

నేను బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కాను. వదిన పక్కింటి నుంచి చేటెడు కాయలు తెచ్చి తల్లి ముందు పోసింది. నేను దిగొచ్చేసరికి అత్తయ్య తెల్లబడ్డ తాలు కాయలు ఒక పక్కకు, ఎర్రవి ఒక పక్కకు ఏరుతోంది. ఒక్కటీ తప్పు పోలేదు. ఆ మొహంలో కళ చూసి నాకూ ముచ్చటేసింది. వదిన ఫోన్లో వీడియో తీస్తోంది. చేతులు కడిగిద్దామని నీళ్ల కోసం లోపలికి వెళ్లానో లేదో, కేక వినిపించింది.

రెండు కళ్లూ నలిపేసుకుంది. మంట ఎందుకో తెలియక ఇంకా నలుపుకుంటోంది. వదిన "అయ్యో అమ్మా" అంటూ గోడకు అతుక్కుపోయింది. నేనే చేతులు పట్టుకుని, కుళాయి దగ్గర తల వంచి, రెప్పలు విడదీసి నీళ్లు పోశాను. ఆవిడ గింజుకుంది, రక్కింది, "చంపేస్తందిరో" అని అరిచింది. మంట తగ్గాక కూతురి పక్కకు చేరి, "ఈమే నా కళ్లల్లో కారం కొట్టింది" అని నన్ను చూపించింది.

వదిన తల్లి తల నిమిరింది. కాయలు పోసింది నేనేనమ్మా అని మాత్రం అనలేదు. "నువ్వు దగ్గరుండి చూసుకోవద్దూ?" అని నన్నే నిలదీసి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. వీడియోలో తాలు ఏరినంతవరకే చుట్టాలందరికీ పంపింది. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు.

తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కూతురు వచ్చిన సంగతి అత్తయ్యకు మర్నాటికే గుర్తులేదు. కాయలూ గుర్తులేవు. భయం ఒక్కటే ఉండిపోయింది. అన్నం కలిపి ముద్ద నోటి దగ్గరికి తీసుకెళ్తే ముందు నా వేళ్లు వాసన చూస్తుంది. మా ఇంట్లో కూరల్లో కారం వేయడం మానేశాను. అయినా కొన్ని పూటలు నోరు తెరవదు.