ఒక గీత పక్కకి

నాలుగేళ్ళుగా ఒక చొక్కా గుండీని మోస్తున్నాను. గుండె మీద బండ అని రాస్తే బాగుండేది. కానీ అది నిజంగా గుండీయే. నవ్వొస్తే నవ్వండి. నాకూ వస్తుంది, సగం దాకా.

అశోక్‌నగర్ హాస్టల్లో నేనూ, సత్తెన్నా ఒకే గది. సర్కారు నౌకరీ కోసం చదవడంలో ఆయన నాకు ఆరేళ్ళు సీనియర్. ఫోన్‌లో చూసి నేర్చుకున్న గో అనే ఆటని నాకూ నేర్పాడు. నీలం చార్టు మీద గీతలు గీశాం. సుల్తాన్‌బజార్‌లో కొన్న గుండీలే మా రాళ్ళు. నల్లవి నావి, తెల్లవి ఆయనవి. గీతలు కలిసేచోట ఒక్కోటి పెడుతూ ఖాళీ జాగాని చుట్టుకోవాలి. ఎక్కువ జాగా ఎవరిదైతే వాళ్ళదే గెలుపు. పెట్టిన రాయిని మళ్ళీ జరపకూడదు. ఆటంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంటుంది.

చిక్కడపల్లి లైబ్రరీకి పోయేముందు రోజుకి చెరొక ఎత్తు. కిటికీ పక్కన ఇనుప పెట్టె మీద ఒక్కో ఆట నెలలు సాగేది.

చివరి ఆటలో ఆయన ఒక మూల నాకు వదిలేశాడు. కొట్లాడనే లేదు. నేను మురిసిపోయి ఆ మూలని చక్కదిద్దుకుంటుంటే, ఈలోపు నడిమి జాగా మొత్తం ఆయనదైపోయింది. వెనక్కి తగ్గడమంటే ఏమిటో అప్పుడర్థమైంది. ఓడినందుకు కాదు నాకు మండింది. ఇచ్చి మరీ ఓడించినందుకు.

ఆయన స్నానానికి పోయిన సందులో ఒక తెల్ల గుండీని ఒక్క గీత పక్కకి జరిపాను. నడిమి గోడకి కంత పడింది.

తల తుడుచుకుంటూ వచ్చి ఆ గుండీ మీద వేలు పెట్టాడు.

"ఇది గీడ లేకుండె కదర?"

"మొదటి సంది గాడనే ఉందన్నా. నీకే యాది తప్పింది."

"యాదే తప్పితె ఇగ నేను పరీక్ష ఏం రాస్తర?" అని నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో ఆగింది.

ఆయనకున్న ఆస్తల్లా జ్ఞాపకమే. నిద్రలో లేపి అడిగినా రాజ్యాంగం అప్పజెప్పేవాడు. ఆ రోజు నుంచి తెలిసిన జవాబునే పుస్తకం తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు. ఒకసారి, తర్వాత మూడుసార్లు. పరీక్షకి వారం ముందు, రాయనని ఊరికి సంచి సర్దుకున్నాడు. ఒక్క ముక్క చెబితే ఆగేవాడు. ఎందుకు చెప్పలేదు? ప్రతిదానికీ జోకేసే నోరు అప్పుడే ఎందుకు పడిపోయింది? కిటికీ పక్కనున్న ఆయన మంచం నాకొస్తుందని లోపలెక్కడో అనుకున్నానా?

అనుకున్నాను.

ఆటని అలాగే ఉంచేశాను. మా హాస్టల్లో దుమ్ము దులిపే ఆచారం లేదు కనక అదేమంత కష్టం కాలేదు. చార్టు మాత్రం ఎండకి పాలిపోయింది.

మొన్న గది ఖాళీ చేస్తూ గుండీలు తీశాను. ప్రతి గుండీ కిందా ఎండ తగలని నీలం చుక్క. జరిపిన గుండీ కిందా ఉంది. దాని పక్కన, అది మొదట ఉన్న చోట, నాలుగేళ్ళూ ఖాళీగా ఎండిన చోట, ఇంకొకటి. అంతే గుండ్రంగా, అంతే ముదురుగా.

దయ్యం అనుకుందామంటే సత్తెన్న బతికే ఉన్నాడు, ఊళ్ళో ఎరువుల దుకాణం నడుపుతున్నాడు. పైగా అశోక్‌నగర్‌లో దయ్యాలకి కూడా బెడ్డు దొరకదు. వేలు పెట్టి చూశాను. కాగితమంతా ఎండకి వేడిగా ఉంది. అక్కడ ఒక్కచోటే చల్లగా తగిలింది.

ఆయన నంబరుంది. చేయలేదు. "నాకు ఎరికేర" అంటాడేమోనని భయం. అప్పుడు ఆ గది కూడా ఆయన నాకు వదిలేసిన మూలే అవుతుంది.

అందుకే మీకు చెబుతున్నాను. ఆ గుండీ మొదట అక్కడ లేదు. నేనే జరిపాను. సత్తెన్నకి యాది తప్పలేదు.