రాతింటి తూర్పు గోడ

కోనసీమలో రోజంతా గునపంతో తవ్వినా రాయి తగలదు. అంతా ఒండ్రుమట్టే. అలాంటి చోట, రాజోలుకి దగ్గర్లో కాలవ గట్టున, శ్రీనివాసరావు, నరసింహమూర్తి అనే అన్నదమ్ముల తాతగారు ధవళేశ్వరం నుంచి పడవల మీద నల్లరాయి తెప్పించి మరీ ఇల్లు కట్టించాడు. ఆయన పోయాక పెద్ద మనవడు శ్రీనివాసరావు రోడ్డు పక్కన పెంకుటిల్లు వేసుకున్నాడు. చిన్న మనవడు నరసింహమూర్తి పెళ్ళాంతో రంగూన్ వెళ్ళిపోయాడు. రాతిల్లు గబ్బిలాలపాలైంది.

ఆ పెళ్ళామే సీతారత్నం. నలభై రెండులో రంగూన్ మీద బాంబులు పడితే మొగుడి వెనకే కొండలూ అడవులూ నడిచి, కట్టుబట్టతో ఊళ్ళోకొచ్చి పడింది. బావగారు శ్రీనివాసరావు తన పెంకుటింట్లో వసారా ఇచ్చాడు. మంచివాడే పాపం. కానీ ఎనిమిదేళ్ళు! తోటికోడలి వంటయ్యేదాకా కాచుకుని, ఆ పొయ్యి మీదే తన ఎసరు పెట్టుకోవడం సీతారత్నానికి ఇంక చాలనిపించింది.

యాభయ్యో సంవత్సరం వేసవిలో చీపురు పట్టుకుని రాతింట్లోకి దూరింది. వానలు పడేలోపు అందులో కాపురం పెట్టాలి, అంతే. సిమెంటు గచ్చు, నిలబడి వండుకునే గట్టు, అన్నీ మనసులో కట్టేసుకుంది. మొగుడు మిల్లు గుమాస్తా. ఆయన కూడబెట్టింది పైకప్పుకే సరిపోయింది. మూడు గోడలు నిక్షేపంలా ఉన్నాయి. తూర్పు గోడే ఎప్పటి తుఫానులోనో కూలిపోయింది.

"కూలితే కూలింది, రాళ్ళేవయ్యా దానం?" అని మేస్త్రీని అడిగింది.

దానం తలపాగా తీసి బుర్ర గోక్కున్నాడు. "ఊళ్ళోనే ఉన్నాయండమ్మగారూ. తలో ఇంట్లో తలోటీ. రాయి లేని ఊరు కదండీ మరి."

"మీ ఇంట్లోనూ ఉందా?"

"ఆయ్. దాని మీదే మా ఆవిడ చేపలు తోముద్దండి."

శ్రీనివాసరావు విని పడీపడీ నవ్వాడు. "ఇంకో ఏడాది ఆగరాదుటమ్మా? వసారా ఎక్కడికీ పారిపోదు కదా."

"ఈ వానకి అక్కడ ఉండనండీ బావగారూ. ఇంటింటికీ వెళ్ళి అడుక్కొస్తాను."

అన్నంత పనీ చేసింది. ఒకరింట్లో రాయి గుమ్మం ముందు మెట్టయింది. ఇంకొకరింట్లో కుడితి గోలెం కింద చేరింది. సూరయ్యగారింట్లో అయితే పసుపు పూసుకుని, బొట్లు పెట్టించుకుని కూర్చుంది.

"మా పెదబాబు జొరం తగ్గించిందండీ ఈ తల్లి," అంది సూరయ్య భార్య మాణిక్యం, కళ్ళు మూసుకుని.

సీతారత్నం తనూ ఓ దండం పెట్టి బయటపడింది. ప్రతి ఇంట్లోనూ మజ్జిగ ఇచ్చారు, రాయి మాత్రం ఇవ్వలేదు.

చివరికి బండి కట్టించుకుని, దానాన్ని వెంటబెట్టుకుని కాలవ రేవుకి వెళ్ళింది. గోడలో సగానికి పైగా అక్కడే ఉంది. ఊరి ఆడవాళ్ళంతా బట్టలుతికేది ఆ రాళ్ళ మీదే. బండిని చూడగానే పెద్దావిడ దుర్గమ్మకి సంగతి అర్థమైంది.

"లేవండే, లేవండి! వాళ్ళ రాళ్ళు వాళ్ళు పట్టుకెళ్తారు," అంటూ అందరినీ లేపింది.

తడిబట్టలు చంకన పెట్టుకుని మోకాల్లోతు బురదలో నిలబడ్డారు అందరూ. దుర్గమ్మ కాలు జారితే పక్కావిడ పట్టుకుంది.

సీతారత్నానికి ఎనిమిదేళ్ళ కిందటి మాట గుర్తొచ్చింది. బర్మా నుంచి వచ్చిన రోజున మార్చుకోడానికి ఇంకో చీర లేదు. దుర్గమ్మే తన పాత చీర చుట్టబెట్టి, మట్టిలో అట్టకట్టిన ఆ ఒక్క చీరనీ ఈ రాయి మీదే బాదింది. "ఏ కొండ బురదే ఇది, మీ అత్తగారిలా పట్టుకుంటే వదలదేం!" అందావిడ. నెలల తరవాత సీతారత్నం నవ్వింది ఆ మాటకే.

"కూచోండి పిన్నిగారూ," అంది. "రాళ్ళొద్దు."

"మరి నీ గోడో?"

సీతారత్నం గట్టు మీది రాతింటివైపు చూసింది. గోడ లేని చోటునుంచి పొద్దుటి ఎండ వంటగది దాకా పరుచుకుని ఉంది. రంగూన్‌లో తాము అద్దెకున్న చెక్కమేడకి వీధివైపు అన్నీ కిటికీలే.

"దానం, గోడొద్దయ్యా. తాటిస్తంభాలు నిలబెట్టి, మొత్తం కిటికీలు పెట్టేద్దాం."

"మొత్తమాండీ? దొంగలొస్తే?"

"ఇంకేం పట్టుకుపోతారు? గోడ ఎప్పుడో పట్టుకుపోయేరుగా!"

రేవంతా గొల్లుమంది.

రాయివ్వలేకపోయిన మొహమాటం అందరికీ ఉంది. సూరయ్య తాటిచెట్లు కొట్టించి పంపాడు. రాతింటి పెరట్లో పనసచెట్టు కిటికీ తలుపులైంది. మాణిక్యం నలుగురిని వెంటేసుకొచ్చి గచ్చుకి నీళ్ళు మోసింది. అయినా తొలకరే ముందొచ్చింది. రెండు తలుపులకి బందులింకా బిగించలేదు. కొబ్బరితాడుతో కట్టేసి, వానలోనే పాలు పొంగించింది సీతారత్నం.

శ్రీనివాసరావు గొడుగు ముడుచుకుంటూ వచ్చాడు. ఇల్లంతా తిరిగి, వంటగట్టు మీద చెయ్యేసి చూశాడు.

"వసారా బోసిపోయిందమ్మా," అన్నాడు. "సరే, వస్తాను మరి."

"అదేంటండీ!" అంటూ సీతారత్నం పీట వాల్చింది. "కూచోండి బావగారూ. ఇవాళ మీరు మా ఇంట్లో భోంచెయ్యాలి."