మార్గళిలో రాలిన గుమ్మడి పిందెలు

మీ పాదుకు కాసిన గుమ్మడి పిందె పసుపెక్కి రాలిపోతే మీరు ముందు పువ్వును చూస్తారా, పక్కన నిలబడిన మనిషిని చూస్తారా? పువ్వునే చూస్తామని తొందరపడి చెప్పకండి. నేను చూసినంతలో చాలామంది మనిషినే చూశారు.

ఇది రెండేళ్ళ క్రితం సంగతి. తమిళనాడులో రాజపాళయం నుంచి చోళపురం వెళ్ళే దారిలో ఒక ట్రస్టు తన పొలాన్ని చిన్న చిన్న ప్లాట్లుగా విడగొట్టి, సేద్యం కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఇస్తుంది. కౌలు లేదు. పంటలో ఒక వంతు టౌన్‌లోని ఫుడ్ బ్యాంకుకు ఇవ్వాలి. అక్కడి నుంచి పని పోయిన ఇళ్ళకు, ఒంటరి ముసలివాళ్ళకు కూరగాయలు వెళ్తాయి. ఫుడ్ బ్యాంకు వాళ్ళకు గుమ్మడికాయంటే ప్రాణం, ఎందుకంటే ఫ్రిజ్ లేకపోయినా నెలల తరబడి నిలవుంటుంది. అక్కడ నేను ఫీల్డ్ ట్రైనర్‌ని. విత్తు నుంచి కోత దాకా ప్లాట్లు తిరిగి సలహా చెప్పడం నా పని.

కృష్ణవేణి స్పిన్నింగ్ మిల్లులో పని పోయాక మా దగ్గరికి వచ్చింది. ఆ ఏడు గుమ్మడి వేసింది ఆమె ఒక్కతే. తీగ బాగా పాకింది. మార్గళి, అంటే ధనుర్మాసం, రాగానే పిందెలు గోలీకాయంత అయ్యి రాలడం మొదలైంది. ఎరువు, నీరు, పురుగు అన్నీ చూశాను. ఏదీ కారణంగా కనబడలేదు.

వీరసామి తాతకు మాత్రం వెంటనే కనబడింది. ఆయన పక్క వీధి రైతు, ప్లాట్ల కమిటీకి పెద్ద. కొత్తవాళ్ళకు ఓపికగా పని నేర్పే మనిషి. కృష్ణవేణి తన పిందెలను వేలితో చూపుతూ లెక్కపెట్టడం ఆయన చూశాడు. వేలు చూపితే పిందె కుళ్ళిపోతుందన్న మాట మన ఇళ్ళలో ఎవరు వినలేదు? ఈ అమ్మాయి చేయి తోటకు సరిపడదు, నెలాఖరు సమావేశంలో ప్లాటు వేరొకరికి ఇచ్చేద్దాం అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. అయితే నా కోపంతో పిందె నిలవదు కదా. మర్నాడు తెల్లవారగానే తోటకు వెళ్ళాను.

గుమ్మడిలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది, మగపువ్వుకు ఉత్త కాడే. తేనెటీగ మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు చేర్చాలి. మా వృత్తిలో దీన్నే పాలినేషన్ అంటాం. ఆడపువ్వు విచ్చుకునేది ఒక్క పూటే. ఆ పూట పుప్పొడి అందకపోతే పిందె రాలుతుంది. ఆ ఉదయం ఆడపువ్వులు విచ్చుకుని ఉన్నాయి, తేనెటీగలూ తిరుగుతున్నాయి. మగపువ్వు ఒక్కటీ లేదు. కాడలు మాత్రం ఉన్నాయి, కొసన తెంపిన గుర్తుతో.

పక్క వీధిలోకి వెళితే పువ్వులు కనబడ్డాయి. ప్రతి గడప ముందూ ముగ్గు, ముగ్గు మధ్య పేడముద్ద, దాని మీద ఒక గుమ్మడిపువ్వు. తాత కోడలు లక్ష్మి ఇంకా ముగ్గు పెడుతూనే ఉంది. ఈ పూలు ఎక్కడివని అడిగాను.

"మీ ప్లాటులోవే అన్నా. ఆ అక్క మొదటి బస్సుకు వచ్చేలోపల కోసుకొస్తాము. భయపడవద్దు, పిందె ఉండే పువ్వు ముట్టుకోము. ఉత్తపువ్వే కదా, అది కాసేది లేదు."

ఎంత జాగ్రత్త! ఆ జాగ్రత్తే తోటను గొడ్డుపోయేలా చేస్తోంది.

తాత ఒప్పుకోలేదు. వాళ్ళ తాతల నాటి నుంచి పూలు కోస్తూనే ఉన్నారట, ముందు వేలి సంగతి తేల్చమన్నాడు. సరే, కొన్నాళ్ళు పూలు కోయకండి, నేనే వేలు చూపిస్తాను అన్నాను. నా వేలు చెల్లదట. చదువుకున్న వేలట. కృష్ణవేణే చూపాలట.

ఆమె వెనక్కి తగ్గింది.

"నేను చూపను అన్నా. ప్లాటు పోతే పోనీ, ఆ పిందె ఏమి పాపం చేసింది?"

ఆమె కూడా ఆ మాట నమ్ముతోందని నాకు అప్పుడు తెలిసింది. చాలాసేపు వాదించాక ఒక బేరం పెట్టింది.

"సరి, సగానికి చూపిస్తాను. మిగిలినవి నాకు వదిలిపెట్టండి."

భయంతో అన్న మాటే, కానీ పరీక్షకు కావలసింది అదే. పోల్చి చూడడానికి అలా పక్కన ఉంచిన భాగాన్ని కంట్రోల్ అంటాం. మగపువ్వులను తీగ మీదే ఉంచి, పొద్దున్నే వాటి పుప్పొడిని ఆడపువ్వులకు మేమే అద్దాం. తాత చూస్తుండగా కృష్ణవేణి సగం పిందెలకు వేలు చూపి, చూపిన ప్రతిదాని కాడకూ ఎర్ర నూలు కట్టింది. 

సమావేశం ముందు రోజు తాత వచ్చి ఆకులు తొలగించి చూశాడు. నూలు కట్టినవీ కట్టనివీ పిడికిలి దాటి పెరిగాయి. అటూ ఇటూ ఒకటీ అరా రాలాయి.

"నీ వేలిలో సత్తువ లేదమ్మా" అని తాత నవ్వాడు.

కృష్ణవేణి నవ్వలేదు. "తాతా, నాకు ముందర ఇక్కడ గుమ్మడి వేసిన సెల్వి అక్క ప్లాటు విడిచి పోయినాదే, ఆమె పిందెలు కూడా మార్గళిలోనే రాలినాయా?"

తాత తొలగించిన ఆకులను తిరిగి పిందెల మీదికి సర్దాడు. "అవును. నేనే పొమ్మన్నాను."

కృష్ణవేణి ప్లాటు ఆమెకే ఉంది. ముగ్గుల కోసం గట్టు మీద వేరే పాదు పెట్టించాం. ఆమె కాయల్లో ఒక వంతు ఫుడ్ బ్యాంకుకు వెళ్ళింది. తాత బస్సెక్కి, సేత్తూరులో ఉన్న సెల్విని పిలవడానికి స్వయంగా వెళ్ళాడు. ఆమె రానంది. మళ్ళీ మట్టి ముట్టుకోవాలంటే భయమంది.

ఒక నమ్మకాన్ని తోటలో ఓడించడానికి మాకు నెల కూడా పట్టలేదు. అది వెళ్ళగొట్టిన మనిషిని మాత్రం ఇప్పటికీ వెనక్కి తెచ్చుకోలేకపోయాం. నేను నేర్చుకున్నది ఇదే. చేయి మంచిది కాదనో, కాలు మంచిది కాదనో మీ వాళ్ళు పక్కన పెట్టిన మనిషి పేరు మీకు తెలుసు. ఈ వారమే ఆ ఇంటికి వెళ్ళండి. తప్పు మాదని చెప్పి, రమ్మని పిలవండి.