పసుపు రాసిన ట్రక్కు

నవంబరులో ఒక మధ్యాహ్నం సరిహద్దు మీది సైన్యం పోస్టులో దిగాను. చోటు పేరు రాయను. రాయకూడదు. రాసినా మీకు లాభం లేదు, అక్కడికి మేడ్చల్ నుంచి బస్సు లేదు.

ఎత్తు పదిహేను వేల అడుగుల పైన. ఎండ ఉంది, వేడి లేదు. గడ్డిపరక మొలవని కొండలు. మంచు ఇంకా శిఖరాల మీదే ఉంది, కిందికి దిగడానికి ఆర్డరు కోసం చూస్తున్నట్టు. ఇసుక బస్తాల బంకర్లు, రేకుల గదులు కొన్ని, ఒక బండ్ల షెడ్డు. ఒంటి మీద మూడు పొరల ఉన్ని, పైన తెల్ల కోటు, కాళ్ళకు ఇటుకంత బరువున్న బూట్లు. నాలుగడుగులు వేస్తే ఊపిరి నా వెనక ఎక్కడో ఆగిపోయి, మెల్లగా నడిచొచ్చేది.

నేను డ్రైవర్ని. బడికీ నాకూ పడలేదు. పదో తరగతి రెండోసారికి గట్టెక్కాక, ఇక చాలని ఇద్దరం ఒప్పందానికి వచ్చాం. మేడ్చల్‌లో ఒక షెడ్డులో స్పానర్లు అందించాను, మా ఊరు గౌడవెల్లి నుంచి కూరగాయల ట్రాలీ నడిపాను, తర్వాత సైన్యంలో చేరాను. నాకున్న ఆస్తి ఒక్కటే, నోరు. ఎక్కడికి పోయినా నలుగురిని నవ్వించి ఆ నలుగురిలో ఐదోవాణ్ని అయ్యేవాణ్ని.

ఆ పోస్టులో ఆ ఆస్తి చెల్లలేదు. తెలుగు తెలిసినవాడు ఒక్కడూ లేడు. హిందీ అంటారా, నాది మన హైదరాబాదు హిందీ.

షెడ్డుకు పెద్ద ఒక సీనియర్ డ్రైవర్. పంజాబీ. అందరూ ఉస్తాద్ అనేవారు. ఒక ట్రక్కునూ, ఒక పికప్‌నూ చూపించి ఏది నడుపుతావని అడిగాడు.

"మేరేకు ఛోటీ గాడీచ్ హోనా ఉస్తాద్," అన్నాను. నాకు చిన్న బండే కావాలని.

షెడ్డంతా పడీపడీ నవ్వింది. నేనింకా జోకు వెయ్యనేలేదు. ఆ తర్వాత వేసిన జోకులకు ఎవరూ నవ్వలేదు. ఉస్తాద్ మాత్రం అప్పుడూ నవ్వలేదు, తర్వాతా నవ్వలేదు.

"ఎందుకు చిన్నది?" అన్నాడు. వాళ్ళ మాటలన్నీ హిందీవే, మీ కోసం తెలుగు చేస్తున్నాను.

"రోడ్డు చూసుకుంటూ వచ్చాను. ట్రక్కయితే ఒక్కో మలుపులో రెండుసార్లు వెనక్కి తియ్యాలి. పక్కన లోయ. ఇది ఒక్క దెబ్బకు తిరుగుతుంది."

తాళం చెవి నా మీదికి విసిరాడు.

అది మైదానంలో తిరిగిన పికప్. చలి అంటే ఏమిటో దానికీ తెలియదు, నాకూ తెలియదు. ఇద్దరం కలిసి నేర్చుకున్నాం. ఆ చలికి డీజిల్ నెయ్యిలా పేరుకుంటుంది, కొంచెం కిరోసిన్ కలిపాను. రేడియేటర్ ముందు అట్టముక్క కట్టాను. బండి ఆపగానే ఇంజనుకు కంబళి కప్పాను. టైర్లలో గాలి తగ్గించి చక్రాలకు గొలుసులు చుట్టాను. ఖాళీ పికప్ వెనక భాగం మేకపిల్లలా ఎగురుతుంది, ట్రాలీ నడిపినవాడికి ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు. వెనక ఇరుసు మీద ఎప్పుడూ ఇసుక బస్తాలు ఉంచాను. హారన్ తీగ ముందే పీకేశారు, ఎదుటి కొండ మీద వాళ్ళు వింటారని. మేడ్చల్ వాడికి హారన్ లేని బండి ఇవ్వడం పెళ్ళికి పిలిచి మూతికి గుడ్డ కట్టడమే.

హెడ్‌లైట్లు కూడా వెయ్యకూడదు. మరి చీకట్లో ముందు బండిని ఎలా పట్టుకుని పోతారు అంటారా? ట్రక్కు కింద వెనక చక్రాల నడుమ ఒక ఇనుప గుండు ఉంటుంది. దానికి తెల్ల రంగు వేస్తారు. దాని మీద మాత్రమే పడేలా మిణుగురు పురుగంత బల్బు పెడతారు. వెనకవాడు ఆ తెల్ల గుండును చూస్తూ పోవాలి. అది ఆగితే ఆగాలి, తిరిగితే తిరగాలి. కనబడకపోతే ఉన్నచోట ఆగిపోవాలి, ఒక్క అడుగు ముందుకెయ్యకూడదు. ఇది ఆర్డరు.

రోజూ తెల్లవారకముందే కింది డిపోకు పోయేవాళ్ళం. ముందు ఉస్తాద్ ట్రక్కు, వెనక నేను. పిండి, ఆలుగడ్డ, కిరోసిన్ ఎక్కించుకుని సాయంత్రానికి పైకి. రోజంతా క్యాబిన్‌లో నేనొక్కణ్ణే. నా జోకులకు నేనే నవ్వేవాణ్ని, అదీ మొహమాటానికి.

ఒక్క మనిషి తెలుగు ఉండేది, అదీ గొంతు మాత్రమే. సగం దారిలో, రోడ్డు పైన బంకర్‌లో ఒక రేడియో ఆపరేటర్ ఉండేవాడు. బండి దాటినప్పుడు క్యాబిన్‌లోని రేడియో సెట్టులో చెప్పాలి. ఒకరోజు చక్రం జారింది, నా వేలు మీట మీదే ఉంది. నోట్లోంచి శుద్ధమైన మేడ్చల్ తిట్టు ఒకటి వెళ్ళిపోయింది. సెట్టు చిటపటమంది. తర్వాత మెల్లగా,

"తెలుగేటి? ఓవర్."

శ్రీకాకుళం వాడు. ఓవర్ అంటే నా మాట అయింది, ఇక నువ్వు చెప్పు అని. రేడియోలో హిందీ తప్ప వేరే భాష మాట్లాడకూడదు. అయినా ఆ రోజు నుంచి నేను దాటినప్పుడల్లా చివర్న ఒక్క ముక్క కలిపేవాడు.

"తిన్నావేటి? ఓవర్."

"తిన్నవా అనరాదు? ఏటి ఏందిరా? ఓవర్."

"ముందు తిన్నావో నేదో సెప్పు. ఓవర్."

రోజుకు అంతే తెలుగు. దాన్ని చప్పరించుకుంటూ పోస్టు చేరేవాణ్ని.

డిసెంబరులో మంచుకు ఆర్డరు అందింది. రోడ్డు తెలుపు, కొండ తెలుపు, గాలి తెలుపు. ఇక ఆ తెల్ల గుండు ఎక్కడ? పాలలో సున్నపు చుక్క వెతికినట్టుంది నా పని. రెండుసార్లు ట్రక్కును గుద్దబోయి ఆగాను. వేరే రంగు కావాలని అడిగితే ఎండాకాలం సరుకుతో వస్తుందన్నారు.

వంటగదికి పోయాను. వంటవాడు ఒడిశావాడు, సన్నని మనిషి, మాట తక్కువ. పసుపు అడిగాను. కూరలోకా అన్నాడు. ట్రక్కులోకి అన్నాను. డబ్బాను వీపు వెనక దాచుకున్నాడు. మా ఇళ్ళలో గడపకు పసుపు రాస్తారనీ, దూరం నుంచే ఇల్లు తెలుస్తుందనీ నా హిందీలో చెప్పాను. వాడికి ఎంత అర్థమైందో తెలియదు. డబ్బా ఇచ్చాడు. వాళ్ళ దేవుడి పటం దగ్గరున్న సింధూరం కూడా చిటికెడు ఇచ్చాడు.

పసుపును గ్రీజులో కలిపాను, మంచు అంటకుండా. ట్రక్కు వెనక అడ్డంగా ఉండే ఇనుప దూలానికి ఈ చివర నుంచి ఆ చివర దాకా దట్టంగా పూశాను. సింధూరంతో బొట్లు పెట్టాను. కింది బల్బు రేకును వంచి వెలుగు దూలం మీద పడేలా తిప్పాను.

ఉస్తాద్ చుట్టూ తిరిగి చూశాడు.

"ఇది ట్రక్కా, పెళ్ళికూతురా?"

"గడప ఉస్తాద్. మా ఇంటి గడప."

"నువ్వు పోయేది ఇంటికి కాదు, ఆలుగడ్డకు," అని ఎక్కి కూర్చున్నాడు. చెరపమని అనలేదు.

ఆ చలికాలమంతా ఒక గడప వెనక బండి నడిపాను. మీరు నమ్మరు గానీ, ప్రపంచంలో గడప తొక్కని మనిషిని నేనే. ఎంత నడిపినా అది అంతే దూరంలో ఉండేది. పసుపు, ఎర్రబొట్లు, అంతా మా ఇల్లే. తలుపు మాత్రం లేదు.

జనవరిలో వంటవాడికి దగ్గు పట్టింది. రెండో రోజుకు గులాబీ రంగు నురగ. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది, కిందికి దింపకపోతే బతకడని నర్సింగ్ అసిస్టెంట్ చెప్పాడు. మంచు తుఫాను, హెలికాప్టర్ రాదు. పెద్ద ట్రక్కులో తీసుకుపొమ్మన్నారు, దానికి బలం ఎక్కువని.

"ఆ స్ప్రింగుల మీద మనిషి బతికినా ఎముకలు బతకవు. పికప్‌లో తెస్తాను. ట్రక్కు ముందు మంచు తొక్కుకుంటూ పోనీ," అన్నాను. ఉస్తాద్ తలూపాడు.

గంటలో పికప్‌ను అంబులెన్సులా మార్చాం. ఇసుక బస్తాలు తీసి పిండి బస్తాలు పరిచాను, ఒళ్ళు అదరకుండా. వాటి మీద రెండు పరుపులు, పైన తార్పాలిన్. క్యాబిన్ వెనక అద్దం ఊడదీశాను, హీటర్ వెచ్చదనం వెనక్కి పోవాలని. ఆక్సిజన్ సిలిండర్‌ను డాలాకు, అంటే వెనక తొట్టి పక్క రేకుకు, తాళ్ళతో బిగించాను. వంటవాడు ఆ కంతలోంచి నా భుజం కేసి చూస్తూ పడుకున్నాడు, పక్కన నర్సింగ్ అసిస్టెంట్ కూర్చున్నాడు. మధ్యాహ్నం రెండుకు బయల్దేరాం.

సగం దారి పోస్టుకు ఇవతల వాడికి దగ్గు ఆగలేదు. అసిస్టెంట్ "ఆపు, ఆపు" అని అరిచాడు. బ్రేకు మీద కాలు పెట్టాను. వాణ్ని లేపి కూర్చోబెట్టి మాస్కు సరిచేసేలోగా ముందు చూస్తే పసుపు లేదు. ఎదురుగా తెల్ల గోడ. ఎడమ పక్క లోయ ఉందని తెలుసు, ఎక్కడ మొదలవుతుందో తెలియదు. సెట్టులో గరగర తప్ప ఏమీ లేదు.

"పద," అన్నాడు అసిస్టెంట్. "సిలిండర్ అయిపోతోంది. ఆగితే పోతాడు."

"కదిలితే ముగ్గురం పోతాం."

ఇంజన్ ఆపలేదు. చెయ్యి కంతలోంచి వెనక్కి పెట్టాను. వంటవాడు వేలు పట్టుకున్నాడు. వాణ్ని నిద్రపోనివ్వద్దని అసిస్టెంట్ అన్నాడు. నాకు తెలిసిన పని ఒక్కటే. నోటికి వచ్చింది తెలుగు ఒక్కటే.

"ఇనరా తమ్మీ. మా నాయిన మోపెడ్ మీద మేకను ముందల గూసోబెట్టుకొని మేడ్చల్ పోతాండు. పోలీసాయన ఆపి హెల్మెట్ ఏదన్నడు. మా నాయిన ఏమన్నడో ఎరికేనా? నాదా సారు, మేకదా అన్నడు."

వాడికి ఒక్క ముక్క తెలియలేదు. వేలు మాత్రం వదల్లేదు. ఇంకొకటి చెప్పాను. ఇంకొకటి. సిలిండర్ ముల్లు ఎర్రగీతకు దగ్గరైంది. నా దగ్గర జోకులు కూడా అడుగంటాయి.

అప్పుడు చప్పుడు వినబడింది. టప్, టప్. టప్, టప్. రేకు మీద అరచేత్తో తట్టే చప్పుడు. మేడ్చల్ బస్టాండులో బస్సు వెనక్కి తీస్తుంటే కండక్టర్ పక్క తడుతూ రానీ, రానీ అంటాడు చూడండి, అదే. చలికి చెవులు చెడ్డాయనుకున్నాను.

తర్వాత తెల్లదనంలో ఒక చోట లేత పసుపు. గీతంత. గీత దూలమైంది. ఎర్రబొట్లు తేలాయి. ఉస్తాద్ ఆ లోయ పక్కన, ఆ మంచులో, ట్రక్కును వెనక్కి నడుపుకుంటూ వస్తున్నాడు. అంచున ఆయన కో-డ్రైవర్ నడుస్తూ రేకు తడుతున్నాడు. గడప నా మీదికి వచ్చి, నా బంపర్‌కు జానెడు దూరంలో ఆగింది.

బల్బు ఒకసారి ఆరి వెలిగింది. ట్రక్కు ముందుకు కదిలింది, వెనక నేను. వెలుతురు పోకముందే కింది ఆసుపత్రి గుడారం చేరాం. వంటవాణ్ని దింపేటప్పుడు ఊపిరి ఉంది. నా వేలిని వాడి చేతిలోంచి విడిపించాల్సి వచ్చింది.

రెండు రోజులు ఏ కబురూ లేదు. మూడో రోజు సగం దారి దాటుతుంటే సెట్టు పలికింది.

"నీ వంటోడు తిన్నాడట. గంజి. ఓవర్."

"ఎట్లున్నదన్నడు? ఓవర్."

"బాగోనేదన్నాడట. ఉప్పు సాలనేదట. ఓవర్."

"అయితే బతికిండు. ఓవర్."

వంటకు వంక పెట్టాడంటే వాడు వాడే.

ఆ సాయంత్రం షెడ్డులో ఉస్తాద్‌ను అడిగాను. వెనకబండి కనబడకపోతే ట్రక్కు ఆపి మనిషిని పంపాలి, రూలు అదే. ట్రక్కునే ఎందుకు తెచ్చావని.

గొలుసు లింకు బిగిస్తూ, తలెత్తకుండా అన్నాడు. "మంచులో మనిషి కనబడడు. ఇది కనబడుతుంది. నీ ఇంటి గడప అన్నావుగా. తెచ్చిచ్చాను."

అది జోకో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఎండాకాలంలో మా బదిలీ వచ్చింది. ఉస్తాద్ వేరే కాన్వాయ్‌లో, నాకంటే ముందే దిగిపోయాడు. ఫోన్ నంబరు తీసుకోలేదు. ఇప్పుడు ఆయన ముఖం గుర్తుచేసుకుందామంటే ట్రక్కు వెనక భాగమే వస్తుంది. సగం దారి గొంతు ఏ ముఖానిదో అసలే తెలియదు.

సెలవు మీద వచ్చి, గౌడవెల్లిలో ఆటో దిగి ఇంటి ముందు నిలబడ్డాను. శుక్రవారం. గడపకు పసుపు ఇంకా తడిగా ఉంది. కాలు లేవలేదు. అడుగు వేస్తే అది కూడా అంత దూరం జరుగుతుందేమోనని.

"గట్ల నిలవడ్డవేంది? ఎవరింటికొచ్చినవో మరిచిపోయినవా?" అంది నా భార్య.

"గిది కదుల్తదా అని చూస్తున్న."

"మెదడు ఆడనే ఇడిసిపెట్టొచ్చినవా? లోపటికి రా, అన్నం సల్లారుతాంది."

లోపలికి పోయాను. తిన్నాను. తిన్నావా అని అడిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎవరూ ఓవర్ అనలేదు. జవాబు ఎప్పుడు చెప్పాలో నాకు తెలియలేదు.

సైన్యంలో నా సర్వీసు అయిపోయింది, ఇప్పుడు మేడ్చల్ నుంచి షామీర్‌పేట పోయే రోడ్డు మీద నాకో షెడ్డు ఉంది. పికప్‌లు, కొండలెక్కే జీపులు వస్తాయి. ఎత్తు పెంచమంటారు, పెద్ద టైర్లు వెయ్యమంటారు, నెత్తిన వరుసగా లైట్లు పెట్టమంటారు. పెడతాను. నా నోరు మళ్ళీ చెల్లుతోంది, చాయ్ తాగుతూ నవ్వుతారు. వెనక దూలానికి మాత్రం ఎవరూ అడగకుండానే పసుపు రంగు వేస్తాను. మొన్న ఒకాయన చూశాడు.

"గిదేందన్నా, దిష్టికా?"

"కాదు, నీ ఎనకొచ్చేటోనికి."

"నా ఎనక ఎవడొస్తడే? నేనొక్కన్నే పోత."

"మరి గిన్ని లైట్లు ఎవలకు చూపియ్యనీకి?"

నవ్వి, ఉండనీ అన్నాడు. బండి తీశాడు. షెడ్డు ముందు నిలబడి చూశాను. ప్రతిసారీ చూస్తాను. పసుపు దూలం చిన్నదై, గీతై, చెరువు వైపు మలుపులో కలిసిపోయింది. అన్నీ అట్లాగే పోతాయి, పోవాలి కూడా, బండ్లు చేసేది అందుకే.

అయినా మలుపు ఖాళీ అయ్యాక కొంచెంసేపు లోపలికి పోను. ముందు రేకు మీద అరచేతి చప్పుడు, తర్వాత లేత పసుపు, తర్వాత ఒక్కొక్కటిగా ఎర్రబొట్లు. మంచులో వెనక్కి నడుస్తూ, నా కోసం, ఒక గడప.