స్వర్ణలత స్కూటరు కొన్న సంగతి

స్వర్ణలతది మొవ్వ. పామర్రులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. పెళ్లయినప్పటి నుంచి ఆమెను డ్యూటీకి దించేదీ, తిరిగి తీసుకొచ్చేదీ భర్త శామ్యూల్ రాజే. ఆయన మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌గా చేసి మానేశాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ మోటార్ సైకిల్ మీద అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, ఇటు బందరు, గుడివాడ తిరిగిన మనిషి. దివిసీమలో ఏ వంతెన దగ్గర రోడ్డు ఇరుకవుతుందో ఆయన నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. బండి నడపడంలో తనంత జాగ్రత్తపరుడు లేడని ఆయన నమ్మకం. భార్య నమ్మకమూ అదే. క్యారేజీ సంచి ఒళ్లో పెట్టుకుని ఆయన వెనక కూర్చుని ఒక్కోసారి కునుకు కూడా తీసేది.

ఒక డిసెంబరు ఉదయం ఆ ధీమా పోయింది. పొలాల మీద మంచు తెరలు తెరలుగా ఉంది. ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరుకు తీసుకెళ్తున్న ట్రాక్టరొకటి టైరు పంక్చరై రోడ్డు మీదే ఆగి ఉంది. స్వర్ణలత దాన్ని దూరం నుంచే చూసింది. ఆయన కూడా చూసి ఉంటాడనుకుంది. బండి వేగం తగ్గలేదు.

"ఏవండీ! ట్రాక్టరు!"

ఆయన బ్రేకు తొక్కేసరికి చెరుకు చివర్లు హెల్మెట్‌ను గీసుకుంటూ పోయాయి.

"పాడు మంచు. వెనక లైటన్నా పెట్టుకోడు వీడు," అన్నాడు శామ్యూల్ రాజ్. మంచే అనుకుంది ఆమె. అలా అనుకుంటేనే గుండె కుదుటపడింది.

మంచు వెళ్లిపోయి ఎండలు మొదలయ్యాక అసలు సంగతి తెలిసింది. కూచిపూడి దాటాక ఒక తూము దగ్గర వానాకాలం నుంచి పెద్ద గొయ్యి ఉండేది. దాన్ని తప్పించడానికి ఆయన ఎప్పుడూ అక్కడ కుడివైపుకి తిప్పేవాడు. మొన్నీమధ్యే ఆ గొయ్యి పూడ్చి తారు వేశారు. నల్లగా, నున్నగా కనపడుతోంది. అయినా ఆయన బండిని కుడికి తిప్పాడు. ఎదురుగా బస్సు. హారన్ చెవులు పగిలేలా మోగింది. ఆఖరి క్షణంలో ఆయన ఎడమకి తిప్పుకున్నాడు.

"గొయ్యి తప్పించాలి గదా మరి. వాడు కాస్త ఆగొచ్చుగా," అని విసుక్కున్నాడు.

గొయ్యి ఎక్కడుందండీ అన్న మాట ఆమె నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఈయన రోడ్డు చూడటం లేదు. జ్ఞాపకం ఉన్న రోడ్డు మీద బండి నడుపుతున్నాడు. పక్కనే కాలువ గట్టు అంచు దాకా నిండి పారుతోంది.

ఆయనకి షుగరు ఉంది. అది కళ్లను ఏం చేస్తుందో నర్సుకి ఒకరు చెప్పక్కర్లేదు. పరీక్షకి రమ్మన్నప్పుడల్లా "నాకేం, బాగానే ఉన్నాను" అని ఆయన దాటేసేవాడు. ఇప్పుడు ఒక్కొక్కటీ ఆమె కంటపడసాగాయి. కప్పులో టీ పోసుకునేటప్పుడు అంచు మీద వేలు పెట్టుకుంటున్నాడు. పేపరు చేతిలో పట్టుకుని "ఏంటట వార్తలు?" అని ఆమెనే అడుగుతున్నాడు.

ఆ తర్వాత ప్రతి ప్రయాణమూ ఆమెకు గండమే. వెనక కూర్చుని "మెల్లగా, గేదెలు వస్తున్నాయి" అనీ, "ముందు సైకిలుందండీ" అనీ చెబుతుండేది. రోడ్డు మీద పడి ఆసుపత్రికి వచ్చినవాళ్ల మోకాళ్లూ మొహాలూ కడిగిన చేతులు ఆమెవి. కళ్లు మూసుకుంటే అవే కనపడేవి. ఆటోలో వెళ్తానని ఒకసారి అంటే ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. ఉద్యోగం పోయాక ఇక మోటార్ సైకిల్ కూడా మానేయమంటే మనిషి ఏమైపోతాడో అని అదొక భయం. "ప్రభువా, ఈ ఒక్కసారికి దాటించు" అని రోజూ లోపల అనుకుంటూ బండెక్కేది.

ఒకరోజు పక్కింటి రాజ్యలక్ష్మి దగ్గర మనసు విప్పింది. రాజ్యలక్ష్మి స్కూల్లో టీచరు. స్కూటరు మీద వెళ్లి వస్తుంటుంది.

"నువ్వే ఒక స్కూటరు కొనుక్కో అక్కా."

"నాకు సైకిలే సరిగ్గా రాదు రాజ్యం. తలుచుకుంటేనే కాళ్లు వణుకుతున్నాయి."

"నాకు మాత్రం వణకలేదా? మా ఆయన ముచ్చటపడ్డాడని ముందు పెద్ద బండి కొన్నాను. ఆపాల్సి వచ్చినప్పుడల్లా ప్రాణం పోయేది. నువ్వు రంగు చూసి మోసపోకు. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ మడమలతో సహా నేలకి ఆనాలి. ఇంజను ఆపి వెనక్కి నడిపించు. డబుల్ స్టాండు నువ్వే వెయ్యి, షాపు వాళ్లని వెయ్యనివ్వకు. ఇవి నీ వల్ల కాకపోతే అది ఎంత మంచి బండైనా నీకు పనికిరాదు."

స్కూటరు మాట ఎత్తగానే శామ్యూల్ రాజ్ మొహం మాడ్చుకున్నాడు. "ఎందుకు? నేను లేనా?"

"మీరున్నారనే గదండీ అడుగుతున్నాను. బళ్ల సంగతి నాకేం తెలుసు? మీరు చూసి బాగుందంటేనే కొంటాను."

ఆ మాటతో ఆయన మెత్తబడ్డాడు. ఇక భోజనాల దగ్గర కూడా అవే కబుర్లు. చక్రాలు మరీ చిన్నవైతే మన గుంతల్లో పనికిరావన్నాడు. సముద్రపు గాలికి రేకు తుప్పు పడుతుంది, అడుగు భాగం చూసి తీసుకోవాలన్నాడు. సర్వీసు పామర్రులోనే దొరకాలి, ఊరికే విజయవాడ పరిగెత్తలేం అన్నాడు. "వెనక మనిషిని కూర్చోబెట్టుకుని బ్రేకు వేసి చూడాలి స్వర్ణా. ఒక్కళ్లం కూర్చుంటే ఏ బండైనా ఆగుతుంది."

ఆమె సెలవు రోజున ఇద్దరూ బస్సులో గుడివాడ వెళ్లారు. షోరూమ్‌లో కిరణ్ అనే సేల్స్ అబ్బాయి ఎత్తుగా, నిగనిగలాడుతున్న స్కూటరు చూపించాడు. "ఫోన్ వస్తే ఇక్కడే పేరు కనపడుతుంది మేడమ్. ఇప్పుడందరూ ఇదే తీసుకుంటున్నారు."

స్వర్ణలత దాని మీద కూర్చుంది. మునివేళ్లు మాత్రమే నేలకి అందాయి. బండి కాస్త పక్కకి ఒరిగింది. నిలబెట్టిన చోటే కాలువలో పడిపోతున్నట్టనిపించి కెవ్వుమంది. కిరణ్ పట్టుకున్నాడు.

"ఇది వద్దు బాబూ. తేలికది చూపించు," అన్నాడు శామ్యూల్ రాజ్.

రెండోదాని మీద పాదాలు పూర్తిగా ఆనాయి. బ్రేకులు ఆమె వేళ్లకి సులువుగా అందాయి. ఇంజను ఆపి వెనక్కి నడిపించింది. డబుల్ స్టాండు మొదటిసారి రాలేదు, రెండోసారి వచ్చింది. శామ్యూల్ రాజ్ వంగి టైర్లు తడిమి చూశాడు. చీర చక్రంలో పడకుండా గార్డు పెట్టించాలన్నాడు.

"టెస్ట్ రైడ్ చేస్తారా సార్?" అన్నాడు కిరణ్.

స్వర్ణలత గబగబా అడ్డొచ్చింది. "మీరొద్దండీ. ఆ అబ్బాయి నడిపి చూపిస్తాడు."

"నడపకుండా బాగోగులు ఎలా చెబుతాను?" అంటూ ఆయన తాళం తీసుకున్నాడు. పరాయివాళ్ల ముందు ఇంకేమీ అనలేకపోయింది. స్కూటరు గేటు దాటి ట్రాఫిక్‌లో కలిసిపోయింది.

ఎంతసేపు చూసినా ఆయన రాలేదు. ఎక్కడో లారీ హారన్ ఆగకుండా మోగింది. తర్వాత ఎవరివో కేకలు. కిరణ్ ఏదో సర్దిచెప్పబోతుంటే వినిపించుకోకుండా ఆమె రోడ్డు మీదికి నడిచింది. నడక కాస్తా పరుగైంది. కాళ్లు ముందుకి పోతున్నాయి గాని, ఏం చూడాల్సి వస్తుందోనని కళ్లు ఎత్తలేకపోతోంది.

ఎరువుల దుకాణం ముందు స్కూటరు స్టాండు వేసి ఉంది. శామ్యూల్ రాజ్ షట్టరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. దెబ్బలేమీ లేవు. లారీవాడు తిట్టుకుంటూ వెళ్లిపోతున్నాడు. ఆమె ఎదురుగా వెళ్లి నిలబడింది.

"స్వర్ణా? నువ్వేనా?" అని అడిగాడు.

"నేనేనండీ."

"ఈ డివైడరు ఇదివరకు లేదు. అవతలి వైపుకి వెళ్లిపోయాను." ఆయన షట్టరు వదల్లేదు. "కనపడలేదు స్వర్ణా. చాలా రోజుల నుంచి సరిగ్గా కనపడట్లేదు."

"నాకు తెలుసండీ."

"తెలిసీ నా వెనక కూర్చున్నావా?"

నడిరోడ్డు మీద ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

కిరణ్ వచ్చి స్కూటరు తీసుకెళ్లాడు. వాళ్లిద్దరూ వెనకాల మెల్లగా నడిచారు. షోరూమ్‌కి చేరాక శామ్యూల్ రాజ్, "ఇదే తీసుకుందాం. బ్రేకు బాగా పట్టింది. లేకపోతే ఈపాటికి లారీ కింద ఉండేవాణ్ణి," అన్నాడు.

విజయవాడ కంటి ఆసుపత్రిలో లేజర్ చేశారు, ఇంజక్షన్లు వేశారు. పోయిన చూపు రాదన్నారు. ఉన్నది కాపాడగలమన్నారు. మోటార్ సైకిల్‌ను చల్లపల్లి ఆయనెవరో కొనుక్కుపోయాడు. ఆ రోజంతా శామ్యూల్ రాజ్ గదిలోంచి బయటికి రాలేదు.

స్వర్ణలత చర్చి ఆవరణలో పొద్దున్నే రాజ్యలక్ష్మి పక్కనుండగా నేర్చుకుంది. పడింది, మోచెయ్యి కొట్టుకుపోయింది, బండి అమ్మేద్దామంది, మర్నాడు మళ్లీ వెళ్లింది. లైసెన్సు వచ్చాక పామర్రు దాకా వెళ్లగలిగింది. హ్యాండిల్ పట్టుకునే ముందు అరచేతులు చెంగుకి తుడుచుకోవడం మాత్రం ఈనాటికీ మానలేదు.

కంటి పరీక్షలకి ఆయన్ని బస్సు దాకా తీసుకెళ్లేది కూడా ఆమే. ఆయన వెనక కూర్చుని ఆమె భుజం గట్టిగా పట్టుకుంటాడు. లారీ శబ్దం వినపడితే చాలు, వేళ్లు బిగుసుకుంటాయి.

"చూశానండీ. పక్కకి తీశాను," అంటుంది ఆమె.

మొన్న అల్పపీడనం పట్టి ఎడతెరిపి లేకుండా వాన కురిసింది. కంటి పరీక్షకి బయల్దేరితే దారిలో వంతెన మీద బురద, కింద కాలువ ఎర్రగా సుడులు తిరుగుతోంది. పిట్టగోడ ఒకవైపు కూలిపోయి ఉంది. స్వర్ణలత బండి ఆపి రెండు పాదాలూ నేల మీద ఆనించింది.

"ఏమైంది?"

"భయమేస్తోందండీ. ఇక్కడ నడపలేను."

"నాకూ వేస్తోంది. దిగుదాం," అన్నాడు ఆయన.

ఇద్దరూ దిగారు. ఆమె హ్యాండిల్ పట్టుకుంది, ఆయన వెనక కడ్డీ పట్టుకున్నాడు. వానలో తడుస్తూ స్కూటరు నడిపించుకుంటూ వంతెన దాటారు.