గొంతుకి పెట్టిన సున్నం

మూడు వారాలకోసారి రాయగడ ఆసుపత్రిలో తుంటికి పెన్సిలిన్ ఇంజెక్షన్ వేయించుకుని, కుంటుకుంటూ ఇంటికి వస్తాను. వచ్చిన ప్రతిసారీ అమ్మ అదే పాట అందుకుంటుంది. నా గుండె కవాటం పాడవడానికి చిన్నప్పుడు ఏదో పురుగు సోకి వచ్చిన గొంతు నొప్పే మూలమని డాక్టరు చెప్పినప్పటి నుంచి మా ఇంట్లో ఈ వాదన నడుస్తూనే ఉంది. వినే ఓపిక నాకు ఎప్పుడో పోయింది.

"గొంతుకీ గుండెకీ ఏటమ్మి సంబంధం? ఉద్యోగమున్నన్నాళ్ళూ మునిసిపాలిటీ కాలవలు తీసేను. నాకంటని పురుగు నీకంటిందా? అంటింది పో, ఇన్నేళ్ళూ ఎక్కడ కూసుంది?"

పురుగు ఎప్పుడో చచ్చిపోయిందనీ, దానితో పోరాడిన ఒళ్ళే పొరపాటున సొంత గుండెను గాయపరిచిందనీ మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. చెబుతుంటే నాకే కట్టుకథలా వినిపించేది. "మనోళ్ళల్లో ఎవులికైనా ఉందా ఈ జబ్బు? డాక్తర్‌ఖానావోళ్ళు ఏదో ఒకటి సెప్పాల గదా" అని అమ్మ తేల్చేసేది. సరేలే అని పడుకునేదాన్ని.

మొన్న వానల్లో నా కూతురికి గొంతు వాచి జ్వరం వచ్చింది. మా ఇళ్ళల్లో గొంతు వాస్తే సున్నంలో పసుపు కలిపి పైన పట్టు వేస్తారు. నా చిన్నప్పుడు అమ్మ అదే వేసింది. కొన్నాళ్ళకి ఆ జబ్బుతోనే నా మోకాళ్ళు వాచి నడవలేకపోతే, ఎదిగే పిల్లకి నొప్పులు మామూలేనంది. ఈసారీ సున్నం పూసేసి ఉంటుందనీ, మళ్ళీ గొడవ తప్పదనీ అనుకుంటూ ఆఫీసు నుంచి నీరసంగా వచ్చాను.

పాప గొంతు మీద ఏమీ లేదు. అమ్మ దానికి జడ వేసి, గౌను మార్చి, గడపలో కూర్చోబెట్టింది.

"డాక్తర్‌ఖానాకి తీసుకుపో" అంది.

"నువ్వు నమ్మవు కదమ్మా."

అమ్మ పాప జుట్టే సర్దుతూ కూర్చుంది.

"నమ్మితే ఏటవుతాదో తెలీదా అమ్మి? నిన్నిలా సేసింది నేనే అవుతాను."

పేదింట్లో, పని మానుకుంటే గడవని రోజుల్లో, తనకు తెలిసిన మందే వేసిన మనిషిని ఏమనగలను? ఆ క్షణాన నిజం గెలిచి నాకు ఒరిగేదేమీ లేదనిపించింది.

"డాక్టరు మాట మార్సేడమ్మా. నాకిది పుట్టుకతోనే ఉందట" అన్నాను.

అమ్మ నా మొహంలోకి చూసింది. తర్వాత వంగి, పాప కాళ్ళకి చెప్పులు తొడుగుతూ, "ఆడికేటి తెలుసు" అంది.