అమ్మమ్మ నోట తాతయ్య పేరు

మా చిన్నప్పుడు... ఐర్లండ్‌లో, టాలట్ అనే ఊళ్ళో అమ్మా నాన్నా లూవాస్ ట్రామ్ ఎక్కి ఆఫీసులకి వెళ్ళిపోయాక, అమ్మమ్మ వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చునేది. ఎదురుగా నోటుపుస్తకంతో పక్కింటి కారల్ ఆంటీ. మధ్యలో తొమ్మిదేళ్ళ దుబాసీని నేను...

కారల్ ఆంటీ అమెరికావిడ. కథలు కాదు, నిజంగా జరిగినవే రాసేది. మొదట్లో వాళ్ళ ఊరి పేపర్లో విలేకరట. తన మొదటి పుస్తకంలో ఒక గని కార్మికుడి పేరు తప్పు పడితే, అతని కూతురు ఆ పేజీ పట్టుకొచ్చి ఏడ్చిందట. అప్పట్నుంచీ ఎవరి గురించి రాసినా, అచ్చుకు పంపేముందు వాళ్ళకే చదివి వినిపించేది. నాలుగో పుస్తకం... మనవల్ని పెంచడానికి ఐర్లండ్ వచ్చిన అమ్మమ్మల మీద.

ఒకరోజు అమ్మమ్మని మీ ఆయన పేరేమిటని అడిగింది. అమ్మమ్మ సిగ్గుపడి, "ఆయనే... మీ తాతయ్య. నువ్వు చెప్పవే" అంది నాతో. మొగుడి పేరు నోటితో అనేది కాదు మరి. నాకేమో తాతయ్యంటే తాతయ్యే, నేను పుట్టకముందే పోయారు. తెలీదంటే నా పరువేం కాను? అమ్మమ్మ ఊరికి ఫోన్ చేసినప్పుడు తరచూ అనే పేరొకటి గుర్తొచ్చి, అప్పారావు అనేశాను.

నెల తర్వాత ఆంటీ కాగితాలు తెచ్చి చదివింది. ఇంగ్లీషు ముక్క రాని అమ్మమ్మ ఠక్కున తలెత్తింది.

"అప్పారావేంటే? మన ఊరి పాలవాడి ఊసు ఈవిడకెందుకు?"

భోరుమన్నాను. ఏడుస్తూనే ఇద్దరికీ రెండు భాషల్లో నా నిర్వాకం చెప్పేశాను. ఆంటీ తిట్టలేదు. ఆ పేరు కొట్టేసి, ఖాళీ వదిలింది.

"మీ అమ్మని అడిగి రాయొచ్చు. కానీ ఇది ఈవిడ చెప్పే కథ. ఈవిడ చెప్పకపోతే ఖాళీగానే ఉంచుతాను" అంది.

అమ్మమ్మకి తెలుగులో చెప్పాను. కాగితం మీద ఆ ఖాళీని చాలాసేపు చూసింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఖాళీ ఎందుకే... మనిషి బతికాడుగా" అంది. తర్వాత మెల్లిగా, "సత్యనారాయణమూర్తి" అంది. మళ్ళీ ఒకసారి, కొంచెం గట్టిగా. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. అంత అందంగా అమ్మమ్మ మరెప్పుడూ కనిపించలేదు నాకు.

ఇప్పుడు నేను మా ఆయన్ని రోజుకి వందసార్లు పేరుపెట్టి పిలుస్తాను... ఆయన పలకనైనా పలకడు. మా పాప మాత్రం ముత్తాత పేరు ఐరిష్ యాసలో సాగదీసి మరీ చెబుతుంది.

మీ ముత్తాత పేరు మీకు తెలుసా? తెలియకపోతే నాలా ఊహించకండి. ఇంకా చెప్పేవాళ్ళు ఉండగానే అడగండి... అడిగి ఇక్కడ రాయండి. ఒక్కో పేరూ పైకి చదువుతాను.